నొక్కుడు రొట్టె

బోర్డు రాసేవాడు నిచ్చెనెక్కి నాన్నకి మీసాలు పెడుతున్నాడు.

కింద కొట్టు గుమ్మంలో పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దక్క తలెత్తి చూసింది. బోర్డు మీద నాన్న తెల్ల టోపీ పెట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. పెనం మీద రొట్టె, రొట్టె మీద పెద్ద బరువు. రెండు చేతులా దాన్ని నొక్కుతూ మొహమంతా నవ్వుతున్నాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన అంత నవ్వు నవ్వగా పెద్దక్క చూళ్ళేదు. పెనం ముట్టుకోగానూ చూళ్ళేదు. మంచినీళ్ళు కావాలన్నా కూర్చున్నచోటి నుంచి కేకేసే మనిషి.

"మీసాలు ఇంకాస్త ఒత్తుగా ఉండాలయ్యా," అన్నాడు పెద్ద తమ్ముడు, నడుం మీద చేతులు పెట్టుకుని. "అవతల వాడి బోర్డు మీద ఉన్నవాటి కన్నా ఒత్తుగా."

అవతల వాడంటే చిన్న తమ్ముడు. వీధికి ఆ పక్క, సరిగ్గా ఎదురుగా వాడి కొట్టు. రెండు కొట్ల మీదా ఒకటే మాట: 'అసలైన నొక్కుడు రొట్టె. మొదట పుట్టింది ఇక్కడే.' లోపల సరుకూ ఒకటే. పల్చటి రొట్టె ముక్కల మధ్య ఎర్రగా వేగిన ఉల్లిపాయలు పెట్టి, పైన గళ్ళు గళ్ళుగా మాడేదాకా బరువు కింద నొక్కి, వేళ్ళు చుర్రుమంటుండగా కాగితంలో పెట్టిస్తారు. ఊళ్ళో దాన్ని తినని నోరు లేదు. అన్నదమ్ములు మాత్రం మాటలు మానేసి ఏళ్ళయింది. ఒకళ్ళ గుమ్మం ఒకళ్ళు తొక్కరు. ఆ వీధి దాటి అటూ ఇటూ తిరిగేది పెద్దక్క ఒక్కతే. పొద్దున పెద్దవాడికి తరిగి, మధ్యాహ్నం చిన్నవాడికి తరుగుతుంది.

ఆ రోజు కత్తి ఆమె మాట వినలేదు. ముక్క ఒక చివర కాగితంలా, ఇంకో చివర వేలంత మందంగా వస్తోంది. ఇలా అయితే సగం మాడి సగం పచ్చిగా ఉంటాయి. లేచి కత్తి కడుక్కొచ్చింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ అంతే.

"ఏంటక్కా, కట్టెలు కొడుతున్నావా?" అన్నాడు తమ్ముడు.

"నాన్న చేతికి ఆ బరువు ఎవరిచ్చార్రా?"

"ఒకళ్ళివ్వడమేంటి? కథ అదేగా. తుఫాను రాత్రి, పొయ్యి ఆరిపోతోంది, రొట్టె త్వరగా కాలాలని గుమ్మం దగ్గర రాయి ఎత్తి దాని మీద పెట్టాడు."

"ఏ తుఫాను?"

"ఏదో ఒకటి. ఊరన్నాక తుఫాను రాకుండా ఉంటుందా?"

నిచ్చెన మీదివాడు కిసుక్కున నవ్వాడు. తమ్ముడు అక్క పక్కకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఎల్లుండి టీవీ వాళ్ళొస్తున్నారు. మనం తినేవి ఎక్కడెక్కడ పుట్టాయో చూపిస్తున్నారు కదా, ఆ కార్యక్రమం. పోయిన వారం చూశావా? సోడా మొదట మందుగా అమ్మేవాళ్ళట. పుల్ల ఐసు ఒక పిల్లాడు గ్లాసు బయట మర్చిపోతే పుట్టిందట. చిత్రంగా లేదూ? మనదీ అలా చూపిస్తారు. వాళ్ళు ఎవరిది మొదటిదంటే, కొత్త బస్టాండులో మూల కొట్టు వాళ్ళకే. బస్టాండు అధికార్లు మాటిచ్చారు."

"అయితే?"

"నిన్నూ అడుగుతారు. ఇంటికి పెద్దదానివి, నీ మాట నమ్ముతారు. నాన్న నాకే నేర్పాడని ఒక్క ముక్క చెప్పు, చాలు. ఆ బస్తాల గదిలో ఎన్నాళ్ళు పడుకుంటావు? మేడ మీద గది నీకిచ్చేస్తా. గాలొస్తుంది."

"నాన్న పొయ్యి దగ్గరికే రాలేదురా."

"అదెవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే ఏమైంది? నువ్వు మనదానివేగా," అని భుజం తట్టి లేచాడు తమ్ముడు.

మధ్యాహ్నం వీధి దాటి చిన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళేసరికి, వాడు ఆమె కోసం కుర్చీ వేయించి ఉంచాడు. ఎన్నడూ లేనిది. పీట కోసం వెతుక్కుని, చివరికి కుర్చీలోనే కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంది. నడుం కుదరలేదు.

"అక్కా, నీ కళ్ళకి ఆపరేషన్ చేయిస్తా," అన్నాడు వాడు మొదటి మాటగా. "మంచి డాక్టరున్నాడు. నువ్వు చేయాల్సిందల్లా ఒకటే. నాన్న మంచం పట్టినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడని టీవీ వాళ్ళతో అను."

"ఏం చెప్పాడంటే?"

"అది రహస్యం అను."

పెద్దక్కకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఒరే చిన్నోడా, అది నా ఇస్త్రీ పెట్టె కింద పుట్టిందని నీకు తెలీదూ? హోటలు లాండ్రీలో పని చేసి వస్తూ కొంగులో చుట్టి తెస్తే, వాకిట్లో ఎదురొచ్చి లాక్కుని తినేవాడివి. మూతి కాల్చుకుని ఏడ్చేవాడివి."

వాడు ఉలిక్కిపడి గల్లా ముందు నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. "నెమ్మదిగా! ఇస్త్రీ పెట్టె సంగతి ఎత్తకక్కా, నీకు దణ్ణం పెడతా. ఎక్కడెక్కడి వాళ్ళో పడుకున్న మురికి దుప్పట్లు రుద్దిన పెట్టె అంటే ఇంకెవడైనా నోట్లో పెట్టుకుంటాడా?"

"ఉతికాకే కదరా ఇస్త్రీ చేసేది."

"అబ్బ, నీకు చెప్పినా అర్థం కాదు," అన్నాడు వాడు. అని, నవ్వు మొహంతో గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పూట తరిగిన ఉల్లిపాయలూ సరిగ్గా రాలేదు.

మర్నాడు పొద్దున పని ముగించి చిన్నవాడి కొట్టుకి వెళ్ళకుండా పెద్దక్క సందు చివరి దాకా నడిచింది. వెనక్కొచ్చింది. చెప్పులు మార్చుకుని మళ్ళీ బయల్దేరింది. "ఎక్కడికి వదినా?" అని పెద్ద మరదలు అడిగితే, "ఎక్కడికీ లేదు, కాళ్ళు లాగుతున్నాయి," అంది. కాళ్ళు లాగితే ఎవరైనా కూర్చుంటారు గానీ నడుస్తారా అన్నట్టు చూసింది మరదలు.

కాళ్ళు ఆమెని వంతెన అవతల, గోడకి ఆనించి రేకు వేసిన ఇస్త్రీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాయి. అక్కడ పొట్టి ఉంది. హోటలు లాండ్రీలో పక్క బల్ల మీద ఇస్త్రీ చేసిన మనిషి. అప్పుడూ చెక్క ముక్క ఎక్కి నిలబడితే గానీ బల్ల అందేది కాదు, ఇప్పుడూ అంతే. లాండ్రీ మూసేశాక ఆ బడ్డీ పెట్టుకుంది.

పొట్టి ఒక చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, వేలు తడిచేసుకుని పెట్టె అడుగున తాకించింది. చుయ్‌మంది. కాలరు ముందు లోపలి వైపు, తర్వాత బయటి వైపు, ఆ తర్వాత భుజాలు. ఆ వరస చూస్తుంటే పెద్దక్క చేతులు వాటంతట అవే కదిలాయి. ఇంకో చొక్కా అందుకుని తడి చిలకరించడం మొదలుపెట్టింది.

"ఊరికే రాలేదు నువ్వు," అంది పొట్టి తలెత్తకుండా. "ఊరికే వచ్చేదానివైతే ముందు నా బొగ్గులకి వంకలు పెట్టేదానివి."

పెద్దక్క చెప్పింది. మీసాలు, తుఫాను, చెవిలో రహస్యం, మేడ మీద గది, కళ్ళ ఆపరేషన్. చెబుతుంటే గొంతు పెరిగింది. "నేను చేసిందే పొట్టీ అది! నా తిండి. నా చేత్తో చేసి వాళ్ళని పెంచాను. ఇప్పుడు నన్నే వచ్చి నాన్న చేశాడని సాక్ష్యం చెప్పమంటారు. రెండ్రోజుల్నించీ కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే కూర్చోవాలనిపిస్తుంది."

పొట్టి పెట్టె నిలబెట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వు చేశావా?"

"మరి?"

"ఉల్లిపాయ ఎవరిది?"

పెద్దక్క తడిచేతిని కొంగుకి తుడుచుకుంది.

"మా అమ్మ మూటగట్టి ఇచ్చేది. పచ్చివి తింటే కడుపులో మంటగా ఉందని, పెట్టె అడుగున పెట్టి వేడి చేసుకుంది నేను. నువ్వు ముక్కు మూసుకుని, తువ్వాళ్ళకి కంపు పడుతుందే అని తిట్టావు. గుర్తుందా?"

"... ఉంది."

"రొట్టె వంటింట్లోంచి తెచ్చిందెవరు? మూగమ్మ. ముందు రోజు మిగిలింది, రాయిలా ఉండేది. ఆ వంటవాణ్ణి చేతులు తిప్పి ఏం బెదిరించేదో గానీ రోజూ ఇచ్చేవాడు. సరే. ఆ రాయిని తడిగుడ్డలో చుట్టి, ఆవిరికి మెత్తబడుతుందని నొక్కిందెవరు?"

"గంజి వదిన," అంది పెద్దక్క నెమ్మదిగా.

"ఆవిడ గుడ్డకి ఎప్పుడూ గంజి అంటుకునే ఉండేది. ఆ గంజికే పైన కరకరలాడే పెచ్చు కట్టింది. గళ్ళు గళ్ళుగా మాడేది కూడా ఆ ముతక గుడ్డ నేతకే. ఇప్పుడు నీ తమ్ముళ్ళు గళ్ళ పెనాలు చేయించి మరీ పెడుతున్నారు ఆ గళ్ళు!" పొట్టి పగలబడి నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నువ్వేం చేశావో చెప్పనా? ఆ రెంటినీ కలిపి ఒకేసారి నొక్కావు. గంట కొట్టేలోపు రెండూ విడివిడిగా తినే టైం లేదని. అంతే నీది," అంది.

పెద్దక్క చేతిలోని చొక్కా బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసింది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మడతపెట్టింది. ఇన్నాళ్ళూ నాది అనుకుని లోపల దాచుకున్నది ఇలా నలుగురి చేతుల్లోకి పోతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. నాన్న బొమ్మని చూసినప్పుడు వచ్చిన కోపమే ఇప్పుడు పొట్టి మీద వచ్చింది. వచ్చి, అంతలోనే సిగ్గు వేసింది.

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ అనలేదేమే?" అంది.

"ఎవరడిగారు? నువ్వు అడగలేదు. నీ తమ్ముళ్ళ రొట్టె కొనుక్కుని తింటూ బాగుందనుకున్నాను. ఉల్లిపాయ మాత్రం ఇంకాస్త వేగాలి."

టీవీ వాళ్ళు వచ్చిన రోజు రెండు కొట్ల ముందూ నీళ్ళు చల్లారు. వీధి మధ్యలో చల్లిన నీళ్ళు కలిసి బురదైంది. మైకు పట్టుకున్న అమ్మాయి ఆ బురద మధ్య కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నిలబడింది. వెనకాల కెమెరా అబ్బాయి.

పెద్ద తమ్ముడు తుఫాను కథ చెప్పాడు. బాగా చెప్పాడు. ఉరుములు ఎక్కడ రావాలో అక్కడ వచ్చాయి. అది పూర్తికాకముందే అవతల గుమ్మంలోంచి చిన్నవాడు అరిచాడు: "అమ్మా, తుఫాను నాటికి ఆ కథ చెప్పేవాడికి నాలుగేళ్ళు కూడా లేవు! నాన్న పోయే ముందు చెవిలో చెప్పింది నాకు!"

"చెవిలో చెప్పడానికి అదేమన్నా లంకెబిందెల జాడా?" అన్నాడు పెద్దవాడు. వాడితో కాదు, గాలితో అన్నట్టు.

ఆ అమ్మాయి అలసటగా నవ్వింది. "ఇద్దరి నాన్నా ఒకరే కదండీ. ఎవరికి ముందు నేర్పారో తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"మా అక్కని అడగండి!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

పెద్దక్క పీట మీంచి లేచి, చేతులు తుడుచుకుంటూ వీధి మధ్యకి వచ్చింది. పెద్ద మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. చుట్టూ జనం. మైకు మూతి దగ్గరికొచ్చింది.

"మా నాన్న పొయ్యి దగ్గరికి రాలేదమ్మా," అంది. "ఇది హోటలు లాండ్రీలో పుట్టింది, ఇస్త్రీ పెట్టె కింద. పొయ్యి వెలిగించనిచ్చేవాళ్ళు కాదు అక్కడ. చల్లటి తిండి గొంతు దిగేది కాదు. నేను ఒక్కదాన్నే చేశాననీ అనను. అక్కడ పని చేసిన ఆడవాళ్ళం అందరం కలిసి చేశాం. తర్వాత నేను ఇంట్లో చేసి పెడితే వీళ్ళు తిన్నారు. తిని పెద్దయ్యి కొట్లు పెట్టారు."

గుంపులో ఒకడు చేతిలో ఉన్న రొట్టెని తిప్పి చూసుకున్నాడు.

"ఇస్త్రీ పెట్టె కింద?" అంది అమ్మాయి. మొహం వెలిగింది. కెమెరా వైపు చూసింది.

పెద్ద తమ్ముడు గట్టిగా నవ్వాడు. "అక్కకి వయసైందమ్మా. ఈమధ్య ఏదో ఒకటి అంటుంటుంది."

చిన్న తమ్ముడు గుమ్మం దిగాడు. బురద చూసుకోకుండా వీధి దాటాడు. దాటి, అన్న పక్కన వచ్చి నిలబడ్డాడు. "అవునన్నయ్యా, మొన్న నా దగ్గరా ఇలాగే అంది. నేను నీకు చెప్పలేదు, బాధపడతావని."

అన్నయ్యా. ఆ మాట ఆ వీధిలో వినబడి ఎన్నేళ్ళయిందో. పెద్ద తమ్ముడు కూడా ఒక్క క్షణం తమ్ముడి వంక చూశాడు. ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు.

"రాసుకోండమ్మా," అన్నాడు. "నాన్న మా ఇద్దరికీ నేర్పాడు. మేమిద్దరం ఒకటే. బస్టాండు కొట్టు ఇద్దరి పేరు మీదా పెడతాం."

"ఇద్దరి పేరు మీదా," అన్నాడు చిన్నవాడు.

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దక్క తమ్ముళ్ళిద్దర్నీ చూసింది. వాళ్ళని కలపాలని ఎన్ని పండగ పూటలు అటూ ఇటూ గిన్నెలు మోసిందో. ఎన్ని మాటలు తీపి చేసి చేరవేసిందో. అవేవీ పని చెయ్యలేదు. తనకి మతి లేదనడానికి మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. విచిత్రంగా, మొన్నటి నుంచీ ఒంట్లో తిరుగుతున్న ఆ కుదురులేనితనం మాత్రం అక్కడే ఆ బురదలోనే దిగిపోయింది.

కొట్టులోకి వెళ్ళి చెప్పులేసుకుంది.

"ఎక్కడికక్కా? ఇంకా తరగాల్సింది ఉంది," అన్నాడు పెద్దవాడు, మైకు వినకుండా.

"తరుక్కోండి. ఇద్దరున్నారుగా."

సందు మలుపు దాకా పోయాక వెనక నుంచి అడుగులు వినిపించాయి. పెద్ద మరదలు. కొంగు చాటున ఒక రొట్టె, సంచిలో ఉల్లిపాయలు, చిన్న గిన్నెలో నూనె.

"చూడలేదు వాళ్ళు," అంది వగర్చుకుంటూ. "వంతెన అవతల ఇస్త్రీ బడ్డీకేగా? నిన్ననే మీరు చెప్పి ఉంటే బాగుండేది వదినా. ఇంట్లో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేది నేనే కదా, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే?" అని, ఇంకేదో అనబోయి, "రాత్రికి గడియ పెట్టను. తలుపు తోసుకుని రండి," అని వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది.

బడ్డీ దగ్గర పొట్టి ఎవరివో ప్యాంట్లు పక్కకి నెట్టి బల్ల ఖాళీ చేసింది. చిన్న బొగ్గుల కుంపటి మీద ఉల్లిపాయలు ఎర్రబడేదాకా పెద్దక్క కదలకుండా కలిపింది. ఉతికి ఆరేసిన ముతక గుడ్డ గంజిలో ముంచి పిండారు. రొట్టె ముక్కల మధ్య ఉల్లిపాయలు పెట్టి, చుట్టి, పెద్దక్క పెట్టె ఎత్తి దాని మీద ఆనించింది.

"వేడెక్కువుంది. వేలు పెట్టి చూశావా?" అంది పొట్టి.

"నాకు నేర్పకు."

గుడ్డ విప్పేసరికి రొట్టె ఒక పక్క బొగ్గైంది. ఇంకో పక్క గుడ్డకి అంటుకుని ఊడొచ్చింది. పొట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. "పోయి మీ నాన్నని పిలుచుకురా, తుఫాను పట్టుకుని వస్తాడు!"

పెద్దక్క కూడా నవ్వింది. నవ్వుతూనే పెట్టె పక్కన పెట్టి చల్లారనిచ్చింది. గుడ్డ మళ్ళీ తడిపింది. ఈసారి పొట్టి నీళ్ళు చిలకరించింది, పెద్దక్క నొక్కింది. ఆవిరి లేచింది. ఉల్లిపాయ వాసన, గంజి వాసన, కాలిన గుడ్డ వాసన కలిసి రేకు కిందంతా నిండింది. పక్కన నడిచిపోతున్నవాళ్ళు ఆగి చూశారు.

అప్పుడే కారు దిగింది టీవీ అమ్మాయి. చెప్పులకి ఇంకా బురద ఉంది. "అక్కడ దారి అడిగితే మీ మరదలు చెప్పారు," అంది. "వాళ్ళ కథ తీశాం. మా పైవాళ్ళకి అదే కావాలి. కానీ ఇది కూడా తీస్తాను. వేస్తారో లేదో నా చేతిలో లేదు."

"ముందు తినమ్మా," అంది పొట్టి.

గుడ్డ విప్పారు. పైన సన్నటి గళ్ళు, ఎర్రటి పెచ్చు. పెద్దక్క విరిచి మొదటి ముక్క పొట్టి నోట్లో పెట్టింది, రెండోది ఆ అమ్మాయి చేతిలో. అమ్మాయి కొరికింది. కరకరమంది. వేడికి కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఊదుకుంటూ తల ఊపింది.

"కొట్టులో దానికన్నా..." అని ఆగి, నవ్వి, మైకు తీసింది. "సరే, చెప్పండి. దీన్ని కనిపెట్టింది ఎవరని చెప్పను? పేర్లు కావాలి."

"ఉల్లిపాయ పొట్టిది," అంది పెద్దక్క. "రొట్టె మూగమ్మది. గుడ్డ గంజి వదినది."

"కలిపి నొక్కింది ఇదిగో, ఈవిడ," అంది పొట్టి. "నూనె రాస్తే అంటుకోదని చెప్పింది గుండీల పిన్ని."

"అవునే! కాగితంలో చుట్టింది దుప్పట్ల మామ్మ కాదూ?"

"కాదు, దుప్పట్ల మామ్మ ఉప్పు తెచ్చేది. కాగితం ఎర్రజడది."

"ఎర్రజడ వంటవాడితో లేచిపోయాక ఎవరు తెచ్చారే?"

"ఉండు, ఉండు, గుర్తొస్తోంది..."

అమ్మాయి మైకు ఒకసారి ఈవిడ మూతి దగ్గరికి, ఒకసారి ఆవిడ మూతి దగ్గరికి తిప్పుతోంది. కెమెరా అబ్బాయి బరువు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. చాలాసేపటికి ఇద్దరూ ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

"అయిపోయాయాండీ?" అంది అమ్మాయి, చెయ్యి దించబోతూ.

"అప్పుడేనా?" అంది పెద్దక్క, చల్లారిపోతున్న బొగ్గుల మీద విసురుతూ. "ఇంకా రాత్రి షిఫ్టు వాళ్ళని మొదలెట్టనే లేదు."